పిక్ అప్: ఇంగ్లీషు క్రియ, తెలుగు ‘కొను’

ఒకే రోజు ఇంగ్లీషు పత్రికలో ‘పిక్ అప్’ అనే మాట నాలుగైదు చోట్ల తగిలి, ప్రతి చోటా వేరే పని చేస్తూ కనిపించడం వింతేమీ కాదు. వ్యాపార పుటలో అమ్మకాలు పిక్ అప్ అవుతాయి. నేరవార్తల్లో పోలీసులు అనుమానితుణ్ణి పిక్ అప్ చేస్తారు. వాతావరణ సూచనలో సాయంత్రానికల్లా గాలి పిక్ అప్ అవుతుందని ఉంటుంది. విజ్ఞాన పుటలో రేడియో టెలిస్కోపు సుదూరం నుంచి వచ్చిన బలహీనమైన సంకేతాన్ని పిక్ అప్ చేస్తుంది. సందేహం తీర్చుకుందామని నిఘంటువు తెరిస్తే ఎత్తడం, తీసుకురావడం, నేర్చుకోవడం, మెరుగుపడటం, పసిగట్టడం, నిర్బంధించడం అంటూ అర్థాలు అంకెలు వేసుకుని వరుసగా నిలబడి ఉంటాయి. ఆ వరుసను బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చునేమో గానీ మాట్లాడేటప్పుడు అవి నోటికి రావు, ఎందుకంటే ఆ జాబితా అర్థాలను చెబుతుంది తప్ప వాటి మధ్య ఉన్న చుట్టరికాన్ని చెప్పదు. ఆ చుట్టరికం తెలుగువారికి తెలియనిది కాదు. మనం రోజూ క్రియల చివర చేర్చే ‘కొను’లో అది చాలావరకు దొరుకుతుంది.

క్రియ పక్కన ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’, ‘ఓవర్’ వంటి చిన్న మాట ఒకటి చేరి, రెండూ కలిసి ఒకే క్రియగా పనిచేస్తే దాన్ని ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరుకు ప్రచారం కల్పించినవాడు రచయిత లోగన్ పియర్సల్ స్మిత్. 1925లో దీన్ని వాడుతూ, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ తనకు ఈ పేరు సూచించాడని ఆయన చెప్పాడు. విషయం మాత్రం అంతకు చాలా ముందే పండితుల కంటపడింది. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన నిఘంటువు పీఠికలో, క్రియ వెనుక చిన్న పదాన్ని తగిలించి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి తమ భాషలో ఉన్నంతగా మరే భాషలోనూ లేదేమోనని, పరభాషీయులకు అన్నిటికంటే ఎక్కువ కష్టం ఇక్కడే ఎదురవుతుందని రాశాడు. ప్రాచీన ఇంగ్లీషులో ఇటువంటి చిన్న మాటలు ఎక్కువగా క్రియకు ముందే అతుక్కుని ఉండేవి. ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’ ఆ కాలం నుంచి మిగిలినవి. మధ్యయుగంలో ఆ అలవాటు క్రమంగా తగ్గి, చిన్న మాట క్రియ వెనక్కి చేరి విడిగా నిలబడటం పెరిగింది. విడిగా నిలబడింది కనుక అది వాక్యంలో అటూ ఇటూ కదలగలదు, ఆ కదలికతో వచ్చే చిక్కు గురించి తరువాత చూద్దాం.

రెండు తెలిసిన మాటలు కలిసి తెలియని అర్థాన్ని ఇవ్వడం మనకు మాత్రం కొత్తా? ‘చేయి’ తెలుసు, ‘చేసుకోవడం’ తెలుసు. అంతమాత్రాన ‘చేయి చేసుకోవడం’ అంటే కొట్టడమని పరభాషీయుడికి ఎలా తెలుస్తుంది? అయితే ‘పిక్ అప్’ అంత గడ్డు మాట కాదు. దాని అర్థాలు రెండు మాటల లోపలి నుంచే పుట్టాయి, కాస్త ఓపిక పడితే దారి కనిపిస్తుంది.

‘పిక్’కు ఉన్న పాత అర్థాల్లో ముఖ్యమైనది మొనతో గుచ్చడం, పొడవడం. ఆ తరువాత వేలి కొసలతో ఒక్కొక్కటిగా తీయడం, కోయడం, పలువాటిలోంచి ఒకదాన్ని ఎంచుకోవడం అనే అర్థాలు వచ్చాయి. ఇప్పటికీ ‘అప్’ లేని వట్టి ‘పిక్’ ప్రధానంగా చేసే పనులు ఇవే: కోయడం, ఎంచడం. ‘పిక్ ఫ్లవర్స్’ అంటే మొక్క నుంచి పూలు కోయడం. ‘పిక్ అప్ ఫ్లవర్స్’ అంటే నేల మీద రాలిన పూలు ఏరుకోవడమో, ముందే చెప్పి ఉంచిన పూలు దుకాణానికి వెళ్లి తెచ్చుకోవడమో. మొదటిదానిలో పువ్వు తొడిమ నుంచి తెగుతుంది; రెండోదానిలో ఎప్పుడో తెగిన పువ్వు ఒకరి చేతికి వస్తుంది. ఈ తేడా గమనించకపోవడం వల్లే ‘ఐ విల్ పిక్ యు ఎట్ ఫైవ్’ అనే వాక్యం మనవారి ఇంగ్లీషులో స్థిరపడింది. ఐదింటికి వచ్చి బండిలో ఎక్కించుకుంటానని చెప్పినవారి ఉద్దేశం. వాక్యం చెప్పేది మాత్రం ‘ఐదింటికి నిన్ను ఎంపిక చేస్తాను’ అని, అంటే అది జట్టులోకి ఆటగాణ్ణి తీసుకునే కెప్టెన్ అనవలసిన మాట. సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ దిద్దరు, దిద్దరు కాబట్టే అది పాతుకుపోయింది.

‘అప్’ చేరినప్పుడు ఏమవుతుందో ‘లిఫ్ట్’తో పోల్చి చూస్తే బాగా తెలుస్తుంది. ‘లిఫ్ట్’ దృష్టి అంతా బరువు మీద, దాన్ని పైకి లేపడం మీద ఉంటుంది. లేపిన వస్తువును తరువాత దించేసినా క్రియకు లోటు లేదు. నేల మీద పడిన తాళంచెవిని మాత్రం ఎవరూ లిఫ్ట్ చేయరు, పిక్ అప్ చేస్తారు. అక్కడ పైకి లేవడం దారి మాత్రమే, చేరవలసిన చోటు చేయి. కింద ఉన్నదో, బయట ఉన్నదో, దూరంగా ఉన్నదో ఒకటి చివరికి కర్త దగ్గరికి వచ్చి చేరాలి. తెలుగులో ‘తన దగ్గరికి’, ‘తన కోసం’ అనే ఈ భాగాన్ని మోసేది ‘కొను’. విడి క్రియగా దానికి తీసుకోవడం, వెల ఇచ్చి తీసుకోవడం అని అర్థం. మరో క్రియ వెనుక చేరితే పని ఫలం కర్తకే దక్కుతుందని సూచిస్తుంది. ‘రాశాడు’ అన్నప్పుడు ఎవరి కోసమో తెలియదు, ‘రాసుకున్నాడు’ అంటే తన కోసమే.

ఇప్పుడు ‘పిక్ అప్’కు సందర్భాన్ని బట్టి మనం వాడే తెలుగు మాటలను వరుసగా పలికి చూడండి: ఎత్తుకోవడం, ఏరుకోవడం, తెచ్చుకోవడం, ఎక్కించుకోవడం, నేర్చుకోవడం, అందుకోవడం, పుంజుకోవడం, కోలుకోవడం, అదుపులోకి తీసుకోవడం. ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించిన అర్థాలన్నీ ఒకే తీరుగా ముగుస్తున్నాయి. ‘కొను’ ఉన్న ప్రతి క్రియా ‘పిక్ అప్’ కాదనుకోండి. పడుకోవడాన్ని ఎవరూ పిక్ అప్ అనరు. కానీ ‘పిక్ అప్’ ఉన్న చోట ‘కొను’ ఇంత తరచుగా ఎదురుకావడం కాకతాళీయమని నేను అనుకోను. రెండు భాషలూ ఒకే కదలికను గుర్తించాయి. ఇంగ్లీషు ఆ కదలికకంతటికీ ఒకే క్రియను పెట్టి అసలు పనేమిటో ఊహించుకొమ్మంటుంది, తెలుగు మాత్రం పని మారినప్పుడల్లా అసలు క్రియను మార్చి చివర ‘కొను’ను అలాగే ఉంచుతుంది. కాబట్టి ‘పిక్ అప్’ ఎదురైనప్పుడు నిఘంటువు వరుసను గుర్తు తెచ్చుకోవడం కంటే, దేన్ని పిక్ అప్ చేశారు అని కర్మను వెతకడం మేలు. కర్మ దొరికితే తెలుగు క్రియ దానంతటదే వస్తుంది.

కర్మ మనిషి అయితే చాలాసార్లు ఎక్కించుకోవడం. దీనికి జత మాట ‘డ్రాప్ ఆఫ్’, దించడం. కర్మ ముందే సిద్ధంగా ఉంచిన వస్తువు అయితే వెళ్లి తెచ్చుకోవడం. ఈ అర్థంలో బ్రిటిష్ వారు ‘కలెక్ట్’ కూడా ఎక్కువగా వాడతారు. కర్మ దుకాణంలో దొరికే చిన్న సరుకైతే దారిలో ఆగి కొనుక్కోవడం. పెద్ద ఆలోచన లేకుండా, ఆ దారిన పోతూ చేసిన పని అనే ధ్వని ఇందులో ఉంటుంది. అందుకే ఏళ్ల తరబడి కూడబెట్టి కొన్న ఇంటి గురించి ‘పిక్డ్ అప్ ఎ హౌస్’ అంటే వినేవారికి వింతగానో, గొప్పలు చెబుతున్నట్టుగానో తోస్తుంది.

కర్మ భాషో, విద్యో, అలవాటో అయినప్పుడు విషయం ఆసక్తికరంగా మారుతుంది. ‘షి పిక్డ్ అప్ స్పానిష్’ అంటే ఆమె తరగతిలో కూర్చుని వ్యాకరణం చదివిందని కాదు, ఆ భాష మాట్లాడేవారి మధ్య మెలగి, ఈ పూట ఒక మాట, రేపొక నుడికారం చొప్పున ఏరుకుందని. వేలి కొసలతో ఒక్కొక్కటి తీసే పాత ‘పిక్’ ఇక్కడ ఇంకా బతికే ఉంది. క్రమపద్ధతిలో ఏళ్ల తరబడి అభ్యసించేవాటికి ఈ క్రియ అతకదు. వైద్యశాస్త్రం చదివానని చెప్పబోయి ‘ఐ పిక్డ్ అప్ మెడిసిన్’ అంటే, మందుల దుకాణం నుంచి మందులు తెచ్చుకున్నానని మాత్రమే అర్థమవుతుంది. వాక్యం అదే, క్రియ అదే. కర్మను శాస్త్రంగా కాక వస్తువుగా తీసుకోవడంతో అర్థం మారిపోయింది.

జబ్బు కర్మ అయినప్పుడు తెలుగువారికి అసలైన తికమక మొదలవుతుంది. ‘నాకు జలుబు పట్టింది’ అని మనం అంటాం. అలాగే ‘ఆ విద్య అతనికి వంటబట్టింది’, ‘ఆ అలవాటు పిల్లవాడికి అబ్బింది’, ‘సంకేతం కేంద్రానికి అందింది’. వీటన్నిటిలోనూ వచ్చి చేరే వస్తువే కర్త; మనిషి ‘కి’, ‘కు’ విభక్తి తగిలించుకుని ఒక పక్కన నిలబడతాడు. మన ప్రమేయం లేకుండా జరిగినదానికి మనల్ని కర్తలుగా చేయడం తెలుగుకు అంతగా ఇష్టం ఉండదు. ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు. ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఆన్ ది ప్లేన్’ అన్నప్పుడు జలుబును ఎవరూ కోరి తెచ్చుకోలేదు, అయినా వాక్యంలో ఆ పని చేసినవాడు మనిషే. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో పలికేవారికి ఇక్కడ జబ్బుతో వాక్యం మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ తొందరను ఆపుకొని మనిషితో మొదలుపెడితే ‘పిక్ అప్’ సహజంగా వచ్చి కూర్చుంటుంది. ఇంకో రెండు సంగతులు కూడా గమనించాలి. ఈ అర్థంలో ‘పిక్ అప్’ సాధారణంగా జబ్బు ఎక్కడ అంటుకుందో చెప్పే మాటను వెంటబెట్టుకు వస్తుంది: విమానంలో, బడిలో, ప్రయాణంలో. పైగా అంటువ్యాధులకే ఇది వర్తిస్తుంది. ఒంట్లోనే పుట్టే జబ్బులను ఎవరూ ఎక్కడి నుంచీ ‘పిక్ అప్’ చేయరు, ఎందుకంటే బయటి నుంచి లోపలికి రావడమనే కదలిక వాటికి లేదు.

సంకేతాలు, శబ్దాలు, వాసనల సంగతీ ఇంతే. రాడార్ విమానాన్ని, మైకు గుసగుసను, కుక్క జాడను పిక్ అప్ చేస్తాయి. తెలుగులో దీనికి ‘పసిగట్టడం’ అనే చక్కని మాట ఉంది. ‘కొను’ లేకుండా వచ్చే అర్థాల్లో ఇది ఒకటి. దీనికి ‘ఆన్’ కూడా చేరి ‘పిక్ అప్ ఆన్’ అయితే, ఎదుటివారు పైకి చెప్పని విషయాన్ని వారి ముఖకవళికల నుంచో గొంతులోని తేడా నుంచో గ్రహించడమనే సూక్ష్మార్థం వస్తుంది. మధ్యలో మనిషి వచ్చి ‘పిక్ హిమ్ అప్ ఆన్ ఇట్’ అయితే మాత్రం మాట మారిపోతుంది: అతను అన్నదాంట్లోని తప్పును అక్కడికక్కడే పట్టుకుని ఎత్తిచూపడమని అర్థం. ఈ వాడుక బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువ.

ఇప్పటివరకు చూసినవాటిలో ఏదో ఒక కర్మ ఉంది. కర్మ లేకుండా ‘పిక్ అప్’ వస్తే అర్థం మరో కొమ్మకు మళ్లుతుంది. ‘సేల్స్ ఆర్ పికింగ్ అప్’ అన్నప్పుడు అమ్మకాలు దేన్నీ ఎత్తడం లేదు, తామే లేస్తున్నాయి. ఎక్కువ కావడాన్ని పైకి పోవడంగా, తగ్గడాన్ని కిందికి దిగడంగా ఊహించుకోవడం ఇంగ్లీషులో ఎంత లోతుగా పాతుకుందో భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్త్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో వివరంగా చూపారు. ‘అప్’ ఇక్కడ ఆ ఊహనే మోస్తోంది. అయితే పెరిగిన ప్రతిదీ పిక్ అప్ కాదు. మొదటి నుంచీ నిలకడగా పెరుగుతున్నదానికి ఈ మాట సరిపడదు. మందగించినదో పడిపోయినదో తిరిగి లేవాలి. మన ‘పుంజుకోవడం’లోనూ సరిగ్గా ఇదే షరతు ఉంది. ‘ఊపందుకోవడం’ దానికి తోడుగా నిలిచే మాట.

ఈ కొమ్మలో ఒక చిన్న ఉచ్చు ఉంది. ‘ది వెదర్ పిక్డ్ అప్’ అంటే వాతావరణం బాగుపడిందని. ‘ది విండ్ పిక్డ్ అప్’ అంటే గాలి బలం పెరిగిందని. మొదటిది పడవ నడిపేవాడికి శుభవార్త, రెండోది కాకపోవచ్చు. బాగోగులను సూచించే మాట కర్త అయితే మెరుగుపడటం, బలాన్నో వేగాన్నో మోతాదునో సూచించే మాట కర్త అయితే కేవలం పెరగడం. ‘ఇన్‌ఫ్లేషన్ హాజ్ పిక్డ్ అప్’ అనే శీర్షిక చూసి పరిస్థితి చక్కబడిందని సంతోషించేవారు ఈ ఉచ్చులో పడినట్టే.

మిగిలిన అర్థాలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఆగిన సంభాషణనో పనినో తిరిగి మొదలుపెడితే అదీ ‘పిక్ అప్’. ఒకరు ఆపిన పాటను మరొకరు అందుకోవడం వంటిది. ‘పిక్ అప్ ది బిల్’ అంటే ఖర్చు తన మీద వేసుకోవడం. బల్ల మీద పెట్టిన చీటీని చేతిలోకి తీసుకున్నవారే డబ్బు కడతారు గనుక వచ్చిన మాట ఇది, ఇప్పుడు ప్రభుత్వాలు భరించే వ్యయానికి కూడా వాడుతున్నారు. కింద పడిన మనిషి తనను తాను పిక్ అప్ చేసుకుంటే అది లేచి నిలబడటం, కోలుకోవడం.

మనుషుల విషయంలో మరో రెండు అర్థాలు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇక్కడి పొరపాటు వ్యాకరణంతో పోదు. పోలీసులు కర్త అయితే ఎక్కించుకోవడం కాస్తా అదుపులోకి తీసుకోవడం అవుతుంది. ముక్కూమొహం తెలియనివారిని ఒక వేడుకలోనో క్లబ్బులోనో శృంగార ఉద్దేశంతో పలకరించి దగ్గర చేసుకోవడాన్ని కూడా ‘పిక్ అప్’ అనే అంటారు. అందువల్ల ‘ఐ పిక్డ్ హర్ అప్ ఎట్ ది స్టేషన్’ అంటే ఎవరూ తలెత్తి చూడరు గానీ, స్టేషన్ స్థానంలో పార్టీ అని పెడితే వినేవారు ఒక క్షణం ఆగుతారు. ‘ఆఫ్టర్ ది పార్టీ’ అనో, ‘ఇన్ మై కార్’ అనో ఒక మాట జోడిస్తే అపార్థానికి తావుండదు.

‘కొను’ సూత్రానికి లొంగనివి ఒకటి రెండు లేకపోలేదు. అమెరికన్ ఇంగ్లీషులో ‘పిక్ అప్ యువర్ రూమ్’ అంటే గది సర్దమని; నేల మీది వస్తువులను తీయడం నుంచి ఏకంగా గదే కర్మ అయి కూర్చుంది. ఫోన్ సంగతి ఇంకొకటి. తెలుగులో ఫోన్ ఎత్తుతాం, ఇంగ్లీషు కలిపితే ‘లిఫ్ట్ చేస్తాం’. ఇంగ్లీషు వాడుకలో మాత్రం ‘పిక్ అప్ ది ఫోన్’. లేదా కర్మ లేకుండానే ‘షి ఈజ్ నాట్ పికింగ్ అప్’. ఇక్కడ కూడా ‘అప్’ను వదిలేసి ‘నాట్ పికింగ్ మై కాల్’ అనడం మనవద్ద బాగా వ్యాపించింది. ఎత్తడానికి రిసీవర్ లేని ఫోన్లు వచ్చినా రెండు భాషల్లోనూ ఎత్తే క్రియ మాత్రం పోలేదు.

ఇక చిన్న మాట కదలిక గురించి. కర్మ నామవాచకమైతే ‘పిక్ అప్ ది బుక్’ అన్నా, ‘పిక్ ది బుక్ అప్’ అన్నా చెల్లుతుంది. కర్మ సర్వనామమైతే ఆ స్వేచ్ఛ పోతుంది: ‘పిక్ ఇట్ అప్’ ఒక్కటే ఒప్పు, ‘పిక్ అప్ ఇట్’ తప్పు. ఇంగ్లీషు వాక్యం తన చివరి స్థానాన్ని సాధారణంగా కొత్త సమాచారానికో, బరువైన మాటకో కేటాయిస్తుంది. సర్వనామం అప్పటికే తెలిసినదాన్ని సూచించే తేలిక మాట గనుక అది మధ్యలో సర్దుకుంటుంది. అదే కారణంతో కర్మ సుదీర్ఘమైతే తలకిందులవుతుంది. నిన్న నువ్వు బల్ల మీద వదిలి వెళ్లిన పుస్తకం అనేంత పొడుగు కర్మను ‘పిక్’కూ ‘అప్’కూ మధ్య ఇరికిస్తే, చివరి ‘అప్’ వచ్చేసరికి మొదటి క్రియ ఏమిటో వినేవారు మరిచిపోతారు, కాబట్టి రెండు మాటలనూ ముందు కలిపి చెప్పి కర్మను చివరికి పంపాలి. ‘పిక్ అప్ స్పీడ్’ వంటి స్థిరపడిన పదబంధాలను సాధారణంగా విడదీయరు.

రాతలో మరో జాగ్రత్త అవసరం. ‘పిక్ అప్’ సంభాషణకు, ఉత్తరాలకు, వార్తలకు అన్నిటికీ తగినదే, కానీ న్యాయపత్రాల్లోనో పరిశోధన వ్యాసాల్లోనో దాని స్థానంలో సందర్భాన్ని బట్టి ‘కలెక్ట్’, ‘అక్వైర్’, ‘డిటెక్ట్’, ‘ఇంప్రూవ్’, ‘రెజ్యూమ్’ కనిపిస్తాయి. వీటిలో చాలావరకు లాటిన్ మూలం నుంచి, కొన్ని ఫ్రెంచి మీదుగా వచ్చిన మాటలు. అవి గంభీరంగా ఉంటాయని మాటల్లో కూడా వాటినే వాడితే పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. స్నేహితుణ్ణి స్టేషన్ నుంచి ‘కలెక్ట్’ చేస్తానంటే బ్రిటన్‌లో చెల్లుతుంది, జలుబును ‘అక్వైర్’ చేశానంటే మాత్రం ఎక్కడైనా నవ్వుతారు.

నామవాచకంగా మారినప్పుడు ఈ జంట ఒకే పదంగా కలిసిపోతుంది. క్రియగా రెండు మాటలు, ఒత్తు, అంటే పలికేటప్పుడు పడే బలం, ఎక్కువగా ‘అప్’ మీద. నామంగా ఒకే మాట, ఒత్తు ‘పిక్’ మీద. లాగిన్, సెటప్, బ్యాకప్‌లకు కూడా ఇదే నియమం, ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా రాతలో తరచు తప్పేది ఇక్కడే. నామంగా ‘పికప్’ వెనుక భాగం తెరిచి ఉండే సరుకుల బండి పేరు. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే గిటారు పరికరం పేరు కూడా అదే. ‘బండికి పికప్ లేదు’ అని తెలుగులో అనేటప్పుడు మనం వాడేది వేగం అందుకునే శక్తి అనే అర్థంలో ఉన్న పికప్. ఇది మనం కల్పించుకున్నది కాదు, ఇంగ్లీషు నామంలోనే ఉన్న అర్థం, ‘పిక్ అప్ స్పీడ్’కు దగ్గరి చుట్టం.